సేవ్ కాలేదు

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ సర్వరమ్మ అనేవాళ్లు. పేరు పెట్టింది లాండ్రీలో పనిచేసే ఒకావిడ. సర్వర్ల గదీ లాండ్రీ గదీ నేలమాళిగలో పక్కపక్కనే ఉండేవి. గోడకి అటువైపు ఆవిర్లు, ఇటువైపు వణుకు. మండుటెండల్లో కూడా స్వెట్టర్ చంకన పెట్టుకుని వచ్చే ఈ మనిషి ఎవరా అని లాండ్రీ ఆవిడకు ఆరాటం. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"లోపల ఏం పనమ్మా నీకు?"

"సర్వర్లని చూసుకుంటానండీ."

క్యాంటీన్ సర్వర్ల మీద అజమాయిషీకి కొత్తగా ఎవరినో పెట్టారనుకుంది ఆవిడ. టీ నీళ్లనీళ్లగా ఉంటోందనీ, మీ వాళ్లకి కాస్త గట్టిగా చెప్పమనీ ఆ మధ్యాహ్నమే ఫిర్యాదు చేసింది. ఆ ముచ్చట నేలమాళిగ నుంచి పై అంతస్తు దాకా పాకి, చివరికి డాక్టర్లు కూడా "సర్వరమ్మకి ఫోన్ చెయ్యండి" అనడం మొదలుపెట్టారు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆమెకు పెద్దగా కోపం వచ్చేది కాదు.

ఆమె చూసుకునేది ఆసుపత్రి డేటాబేస్‌ని. ఏ మంచం మీద ఎవరున్నారు, ఎవరికి ఏ మందు పడింది, ఎవరి రక్తంలో ఏం తేలింది, అంతా అందులోనే. నర్సులు వార్డుల్లో తోపుడుబండి మీద కంప్యూటర్ పెట్టుకుని మంచం మంచానికీ తిరుగుతూ, మందు ఇచ్చిన వెంటనే "ఇచ్చాం" అని కొట్టి సేవ్ చేసేవాళ్లు. సాఫ్ట్‌వేర్ రాసింది బయటి కంపెనీ. అది దాచుకునే చోటును సజావుగా ఉంచడం ఈమె పని.

అక్కడ ఆమెకు ఉద్యోగం ఉందని చెప్పింది వదిన. వదిన ఆ ఆసుపత్రిలోనే నర్సు. సర్జరీ వార్డులో పెద్ద సిస్టర్ అంటే ఆవిడే. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయాక, పెళ్లయి వచ్చిన కొత్తల్లోనే ఆవిడ మీద ఈ ఆడపడుచు పెంపకం పడింది. జడలు వేసింది, ఫీజులు కట్టింది, పరీక్ష తప్పిన రోజున పక్కన పడుకుంది. ఇప్పటికీ ఆవిడకు ఈమె అమ్మడే. అన్నయ్య వ్యాన్ నడిపేవాడు. ముగ్గురిదీ ఒకే ఇల్లు, ఒకే వంట. వదినకీ ఆడపడుచుకీ మధ్య మాటల్లో కారం తప్ప కూరలో కారం ఉండదని అన్నయ్య వేళాకోళం చేసేవాడు.

ఆ ఏడాది వానలు మొదలైన దగ్గర్నుంచి సిస్టమ్ మధ్యాహ్నాలు మొరాయించడం మొదలుపెట్టింది. రోజూ కాదు. వారానికోసారి, ఒక్కోసారి వరసగా రెండు రోజులు. ఉన్నట్టుండి స్క్రీన్లన్నీ బిగుసుకుపోయేవి. నేలమాళిగలో ఫోన్లు మోతెత్తేవి. "సర్వరమ్మా, తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది" అని ఒకరు, "సేవ్ కాలేదంటోంది" అని ఇంకొకరు. ఆమె చూస్తే ప్రాసెసర్ మీద బరువేమీ ఉండేది కాదు. డిస్కులు ఖాళీగానే తిరుగుతుండేవి. ఏ పనీ చెయ్యకుండా స్క్రీన్ల నుంచి వచ్చిన వందల అభ్యర్థనలు దేనికోసమో నిలబడి ఉండేవి. దేనికోసమో చూద్దామనుకునే లోపు ఐటీ మేనేజర్ గదిలోకి వచ్చి నెత్తిన నిలబడేవాడు.

"పోస్ట్‌మార్టమ్ తర్వాత చేద్దాం. ముందు రీస్టార్ట్ కొట్టండి."

రీస్టార్ట్ కొడితే సిస్టమ్ మళ్లీ పరుగెత్తేది. అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్లు. కానీ దేనికోసం ఎవరు నిలబడ్డారన్న జాడ డేటాబేస్ జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. రీస్టార్ట్‌తో అదీ తుడిచిపెట్టుకుపోయేది. కారణం కనుక్కోవడానికి ట్రేస్, అంటే ఏది దేనికోసం ఆగిందో రాసిపెట్టే ఏర్పాటు, పెడతానని ఆమె రెండుమూడుసార్లు అడిగింది. అసలే కుంటుతున్న గుర్రం మీద ఇంకో మూట ఎందుకని మేనేజర్ ఒప్పుకోలేదు.

ఆ రోజు కూడా అలాగే అయింది. నర్సులు షిఫ్టు మారే వేళకి స్క్రీన్లు బిగుసుకున్నాయి, ఫోన్లు మోగాయి, మేనేజర్ వచ్చాడు, ఆమె రీస్టార్ట్ కొట్టింది, సిస్టమ్ లేచింది. టీ తాగుతూ లాండ్రీ ఆవిడతో వానల గురించి మాట్లాడింది కూడా.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వదిన ముందే వచ్చి ఉంది. యూనిఫాం విప్పలేదు. పెరటి పంపు దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటోంది. కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ పంపు తిప్పుతోంది.

"ఏమైంది వదినా?"

"వాచీలాయన పోయాడే."

వాచీలాయన అంటే కిటికీ పక్క మంచం మీద ఉండే పెద్దాయన. గడియారాలు బాగుచేసేవాడు. కడుపు ఆపరేషన్ అయి కోలుకుంటున్నాడు. వార్డు గోడగడియారం ఆలస్యంగా నడుస్తోందని, దాన్ని కిందికి దించితే సరిచేసిపెడతానని రోజూ వదినను బతిమాలేవాడట. షుగర్ ఉంది కాబట్టి ఇన్సులిన్ పడుతోంది. ఆ మధ్యాహ్నం వదిన షిఫ్టు ఎక్కి స్క్రీన్ చూస్తే, ఆయన పేరు ఎదురుగా "ఇవ్వలేదు" అని ఎర్రగా ఉంది. ఆయన మత్తు నిద్రలో ఉన్నాడు. వదిన ఇంజెక్షన్ ఇచ్చింది. అంతకు కాసేపటి ముందే, షిఫ్టు దిగిపోతున్న చిన్న సిస్టర్ కూడా ఇచ్చి ఉంది. షుగర్ పడిపోయింది. నిద్రపోతున్న మనిషి కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి మించిపోయింది.

"నాకు అనుమానం వచ్చింది అమ్మడూ. పిల్ల ఇలా మర్చిపోయే రకం కాదే అనుకున్నా. ఫోన్ చేశా. బస్సులో ఉందేమో, ఎత్తలేదు. అంతా అయ్యాక తనే చేసి, ఇచ్చానంది. ఇంకొక్కసారి చేసి ఉండాల్సింది. స్క్రీన్ మీద ఇవ్వలేదని ఉంది కదా అని..."

అన్నయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. అన్నం గిన్నె మూత ఆ పూట ఎవరూ తియ్యలేదు.

మర్నాడు చిన్న సిస్టర్ తనంతట తానే సూపరింటెండెంట్ గదికి వెళ్లి, "నేను కూడా ఇచ్చానండీ, ఎంట్రీ కూడా కొట్టాను" అని చెప్పింది. ఎవరూ అడగకముందే చెప్పింది. ఆమె నోరు మెదపకపోతే ఒక్క డోసే లెక్కలో ఉండేది, ఆపరేషన్ మనిషి గుండె ఆగిపోయిందని రాసేసేవాళ్లు. ఎంట్రీ కోసం డేటాబేస్‌లో వెతికితే లేదు. "కొట్టానంటోంది, లేదు కదా" అన్నారు. అయినా రెండో డోసు ఇచ్చిన చెయ్యి వదినది కాబట్టి, రోగి పక్కనున్న ఖాళీ సీసా గమనించకుండా ఇచ్చినందుకు వదినను సస్పెండ్ చేశారు. విచారణ కమిటీ వేశారు.

వదిన ఇంట్లో ఉండటం ఆ ఇంటికి అలవాటు లేదు. పొద్దున్నే లేచి స్నానం చేసి, జడ వేసుకుని, ఎటూ వెళ్లకుండా కుర్చీలో కూచునేది. అన్నయ్య కొన్నాళ్లు ఓర్చుకుని చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

"పగలంతా ఆ మిషన్ల పక్కనే కూచుంటావు. అందులో ఏం జరిగిందో కనుక్కోవడం చేతకాదా? నీ చదువు ఎందుకు మరి?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఏం జరిగిందో ఊహించగలదు ఆమె. చిన్న సిస్టర్ కొట్టిన ఎంట్రీ ఆ వరసలో ఎక్కడో నిలబడి ఉంటుంది. రీస్టార్ట్‌తో వరసంతా చెదిరిపోయి ఉంటుంది. ఆ రీస్టార్ట్ కొట్టిన వేళ్లు తనవే. ఊహ సరే, కమిటీకి చూపించడానికి ఏముంది? ఆనాటి జాడలన్నీ ఆ వేళ్లే తుడిచేశాయి.

మేనేజర్ దగ్గరికి వెళ్లి ఈసారి అడగలేదు, చెప్పింది.

"ట్రేస్ పెడుతున్నాను సార్. అన్నిటినీ రాసుకోదు. వేరే పని వేసిన తాళం తెరుచుకోవడం కోసం కాస్త ఎక్కువసేపు నిలబడ్డవాటినీ, వాటి ముందున్నవాటినీ మాత్రమే పట్టుకుంటుంది. సర్వర్‌కి తెలియను కూడా తెలియదు."

"ఏమన్నా అయితే?"

"ఇప్పటికే అయింది కదా సార్."

ఆయన తల దించుకుని సంతకం పెట్టాడు.

ట్రేస్ పెట్టాక చెయ్యాల్సిన పని ఎదురుచూడటమే. అది అంత తేలిక కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. సిస్టమ్ మళ్లీ మొరాయిస్తే తప్ప ఏదీ దొరకదు. మొరాయిస్తే పైన వార్డుల్లో ఎవరి ఎంట్రీ గల్లంతవుతుందో తెలియదు. ఎక్కడి స్క్రీన్ ఆగినా కాగితం మీద రాసుకోమని వార్డు వార్డుకీ తిరిగి చెప్పి వచ్చింది. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె కళ్లు ఫోన్ మీదే ఉండేవి. సిస్టమ్ ఆగిపోవాలని కోరుకునేది. అలా కోరుకున్నందుకు తనను తానే తిట్టుకునేది. ప్రశాంతంగా గడిచిన రోజున మొహం వేలాడేసుకుని ఇంటికి వెళితే, వదిన ఏమీ అడక్కుండా కంచం పెట్టేది.

వాన దంచికొడుతున్న ఒక మధ్యాహ్నం ఫోన్లు మోగాయి. మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. "కొట్టండి, కొట్టండి" అన్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క నిమిషం ఆగండి సార్. ముందున్నదెవరో చూడనివ్వండి."

స్క్రీన్ మీద పేర్లు కిందికి పెరుగుతున్నాయి. పిల్లల వార్డు ఎంట్రీ సర్జరీ వార్డు ఎంట్రీ వెనక నిలబడింది. సర్జరీ వార్డుది ల్యాబ్ వెనక. ల్యాబ్ ఇంకొకరి వెనక. ఒకరి భుజం మీద నుంచి ఇంకొకరి భుజం మీదికి చూసుకుంటూ ఆమె పైకి పాకింది. అందరికంటే ముందు ఒకే ఒక్క అభ్యర్థన ఉంది. దాని ముందు ఎవరూ లేరు. అది మందుల పట్టికను మొదటి నుంచి చివరి దాకా చదువుతోంది. చదివేటప్పుడు మధ్యలో ఎవరూ మార్చకుండా పట్టిక మొత్తానికీ తాళం వేసుకుని చదువుతోంది. వచ్చిన చోటు చూసింది. కాన్ఫరెన్స్ హాల్.

సర్వర్ జోలికి పోకుండా ఆ ఒక్క అభ్యర్థనను ఆపేసింది. తాళం వదలగానే వందల ఎంట్రీలు గలగలా లోపలికి వెళ్లిపోయాయి. ఒక్కటి కూడా పోలేదు. ఫోన్లు ఆగిపోయాయి.

ఆమె మెట్లెక్కి కాన్ఫరెన్స్ హాల్‌కి వెళ్లింది. అప్పుడే మీటింగ్ ముగిసి అంతా వెళ్లిపోయినట్టున్నారు. కుర్చీలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, కప్పుల్లో టీ సగం సగం మిగిలి ఉంది. గోడకి నిలువెత్తు టీవీ. ఏడాది పొడుగునా ఆసుపత్రిలో వాడిన మందులు రంగురంగుల వృత్తాలుగా అందులో మెరుస్తున్నాయి. చూడటానికి వచ్చిన పెద్దలకి చూపించడం కోసం డైరెక్టర్ ముచ్చటపడి చేయించుకున్నది. వానాకాలం మొదట్లో పెట్టారు. మీటింగ్ ఉన్న రోజున దాన్ని వెలిగిస్తారు, వెలిగించినప్పుడల్లా అది పట్టికంతా కొత్తగా చదువుకుంటుంది. వాచీలాయన పోయిన రోజున కూడా ఎవరో పెద్దలు వచ్చారని అక్కడ తుడుస్తున్న ఆవిడ చెప్పింది. సర్వరమ్మ ఒక కుర్చీలో కూలబడింది. గదిలో ఆ వృత్తాల్ని చూసే మనిషి ఆమె తప్ప ఎవరూ లేరు.

ఇక ఆనాటి సంగతికి ఆధారం కావాలి. డేటాబేస్ మర్చిపోయినా, నర్సుల స్క్రీన్లను నడిపించే సాఫ్ట్‌వేర్ తన మటుకు తాను ఏది పంపిందో, ఏం జవాబు వచ్చిందో రాసుకుంటుంది. కంపెనీ వాళ్ల వెంటపడి అది తెప్పించింది. అందులో ఉంది. చిన్న సిస్టర్ ఇన్సులిన్ ఎంట్రీ కొట్టింది. అది వరసలో నిలబడింది. సర్వర్ రీస్టార్ట్ అవడంతో రద్దయింది. "సేవ్ కాలేదు" అని చిన్న సిస్టర్ స్క్రీన్ మీదికి మెసేజ్ వెళ్లింది. ఆమె "సరే" నొక్కింది.

ఆ చివరి రెండు ముక్కల దగ్గర సర్వరమ్మ చాలాసేపు ఆగింది. అవి తీసేసి ఇస్తే ఆ రికార్డునే ఎవరూ నమ్మరు, చిన్న సిస్టర్ ఎంట్రీ కొట్టిందనడానికి రుజువు ఉండదు. ఆమె నిజం చెప్పిందనీ, స్క్రీన్ వదినకు అబద్ధం చూపించిందనీ తేలాలంటే ఇవి ఉండాల్సిందే. రాసింది. రీస్టార్ట్ కొట్టింది తానేనని పేరుతో సహా రాసింది. టీవీ సంగతి అన్నిటికంటే పైన రాసింది.

కమిటీకి ఒక పెద్ద సర్జన్ అధ్యక్షుడు. పక్కన డైరెక్టర్, సూపరింటెండెంట్. ఆమె చెబుతున్నంతసేపూ సర్జన్ మర్యాదగా విన్నాడు.

"అంటే, పెద్ద సిస్టర్ చూసే వేళకి ఇవ్వలేదనే ఉంది."

"అవును సార్. ఆవిడ తప్పు లేదు."

"మొదటి ఎంట్రీ సేవ్ కాలేదు."

"టీవీ వల్ల ఆగింది. నేను రీస్టార్ట్ కొట్టడం వల్ల పోయింది సార్."

"రీస్టార్ట్ మీకు ఇచ్చిన పద్ధతే కదమ్మా, దానికి మిమ్మల్ని ఎవరూ అనరు. సేవ్ కాలేదని కంప్యూటర్ ఆ అమ్మాయికి చెప్పిందా లేదా?"

"మెసేజ్ వచ్చింది సార్. కానీ సిస్టమ్ కాస్త నెమ్మదించినా చాలు, ఆ మెసేజ్ రోజూ వస్తూనే ఉంటుంది. దేనికి వస్తుందో..."

"వచ్చింది కదా. ఆమె ఏం చేసింది?"

ఆమె కాగితంలో చివరి ముక్క చదివింది.

"సరే నొక్కింది సార్."

"అంటే ఒప్పుకుని వెళ్లిపోయింది" అన్నాడు డైరెక్టర్, ఫైలు మూస్తూ.

తీర్పు వారం తిరక్కుండా వచ్చింది. వదిన మీద సస్పెన్షన్ ఎత్తేశారు. హెచ్చరికను చదివి కూడా పట్టించుకోనందుకు చిన్న సిస్టర్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె కాంట్రాక్టు మనిషి, తియ్యడానికి పెద్ద తతంగం అక్కర్లేకపోయింది. టీవీ గురించి చివర్లో ఒక ముక్క ఉంది. రాత్రి వార్డుల్లో సందడి తగ్గాక మందుల పట్టికకు విడిగా ఒక నకలు తీసి, టీవీని అందులోంచి చదివించాలని. ఆ పని సర్వరమ్మకే అప్పజెప్పారు.

అన్నయ్య మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు. వదిన ఉత్తర్వు చదివింది. చదివి ఆడపడుచు వైపు చూసింది.

"నన్ను బోనులోంచి దించి, ఆ పిల్లని ఎక్కించి వచ్చావా?"

"వదినా, నేను ఆ ఉద్దేశంతో..."

"నాకు తెలుసు. నువ్వు నిజమే రాశావు. ఆ పిల్ల కూడా నిజమే చెప్పింది." ఆవిడ ఉత్తర్వును మడిచి బీరువాలో చీరల మడతల కింద పెట్టింది. "రోజుకి ఎన్నిసార్లు నొక్కుతామో తెలుసా దాన్ని? నేను చదవను. ఎవ్వరూ చదవరు. చదువుతూ కూచుంటే రోగుల్ని ఎవరు చూస్తారు?"

ఆ మాటే వదిన కాగితం మీద పెట్టి కమిటీకి ఇచ్చింది. తాను కూడా ఆ మెసేజ్‌ని చూడకుండా నొక్కుతానని, తననూ తియ్యమని రాసింది. వార్డులో మిగతా నర్సుల దగ్గరికి తీసుకెళితే, కొందరు సంతకం పెట్టారు, కొందరు పిల్లల చదువుల సంగతి చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. జవాబు రాలేదు. ఆవిడ మళ్లీ అడిగితే, ముగిసిన విషయం అన్నారు. వదిన వార్డుకి తిరిగి వెళ్లలేదు. దుప్పట్లు, గౌన్లు లెక్క చూసే స్టోరుకి మార్చమని తానే అడిగి వేయించుకుంది. సిరంజి మళ్లీ పట్టుకోలేదు.

సర్వరమ్మ చెప్పిన పని చేసింది. టీవీకి నకలు పట్టిక కట్టింది, పట్టికంతా వెతక్కుండా సూటిగా దొరికేలా సూచికలు పెట్టింది. స్క్రీన్లు కన్ను మూసి తెరిచేలోగా తెరుచుకుంటున్నాయి. డైరెక్టర్ అందరికీ వెళ్లేలా అభినందన పంపాడు. లాండ్రీ ఆవిడ ఎవరి నోటో విని, "మీవాళ్లు ఇప్పుడు బాగా పనిచేస్తున్నారటగా" అంది. ఆమెకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం వదిన చిన్న సిస్టర్ ఇంటికి బయల్దేరుతూ, "వస్తావా?" అని అడిగింది. వెళ్లింది. మేడ మీద ఒంటిగది. చిన్న సిస్టర్ తీగ మీద బట్టలు ఆరేస్తోంది. ముసలివాళ్ల ఆశ్రమంలో పనికి కుదిరిందట, నర్సుగా కాదు, ఆయాగా. ఇద్దరినీ కూచోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. తిడుతుందేమోనని సర్వరమ్మ ఒళ్లు బిగబట్టుకుని కూచుంది. ఆ పిల్ల తిట్టలేదు.

"ఒక్కటి అడగనా అక్కా? నాకు ఎవరూ చెప్పలేదు."

"అడుగమ్మా."

"ఆ రోజు బస్సు టైమైపోతోంది. మెసేజ్ వచ్చినట్టే గుర్తు. నిజంగా చదివి ఉంటే ఏం చెయ్యాల్సింది నేను? దాని మీద సరే తప్ప ఇంకో బటన్ ఉందా?"

"లేదు."

"మళ్లీ కొట్టమని ఉందా ఎక్కడైనా? ఏ ఎంట్రీ పోయిందో ఉందా?"

"లేదమ్మా. సేవ్ కాలేదు అనే ఉంటుంది. అంతే."

చిన్న సిస్టర్ తల ఊపింది. సందేహం తీరినట్టుగానే ఊపింది. వదిన లేచి బకెట్లో మిగిలిన బట్టలు పిండి ఆమెకు అందించసాగింది.

మర్నాడు కంపెనీకి రాసింది. ఏ ఎంట్రీ పోయిందో, ఎవరిదో చెప్పాలి, మళ్లీ పంపే బటన్ ఉండాలి, అంతవరకు స్క్రీన్ కదలకూడదు. రాబోయే మార్పుల్లో పరిశీలిస్తామని జవాబొచ్చింది. ఆరు నెలలకోసారి గుర్తు చేస్తూనే ఉంది, పరిశీలిస్తూనే ఉన్నారు. మేనేజర్‌ని అడిగితే, "ఇప్పుడు ఆ మెసేజే రావట్లేదు కదా, ఇంకెందుకు?" అన్నాడు. అదీ నిజమే. రావట్లేదు.

వదిన సెలవు దొరికిన ఆదివారమల్లా ఆశ్రమానికి వెళ్లి ఆ పిల్లకి సాయం చేసి వస్తుంది. ముసలివాళ్లకి గోళ్లు తీస్తుంది, తల దువ్వుతుంది, మందులు మాత్రం ముట్టుకోదు. వెళ్లేటప్పుడు ఆడపడుచుని పిలవడం కొన్నాళ్లకి మానేసింది. సర్వరమ్మ తనంతట తానే ఒకటి రెండుసార్లు బయల్దేరింది కానీ, బస్సు వచ్చి ఆగినా ఎక్కలేక, అక్కడి బల్ల మీద కాసేపు కూచుని ఇంటికి తిరిగి వచ్చేసింది.